దోసిలి ఎవరిది?

“ట్రేడ్‌మార్క్ దరఖాస్తు మిస్టర్ జోసఫ్ పేరు మీద ఉంది కదా, ముందు ఆయన్ని మాట్లాడనివ్వండి” అంది లాయరు, లాప్‌టాప్ తెరలోంచి.

నవోమి టీ కప్పు బల్ల మీద పెట్టబోయి ఆగిపోయింది. తల తిప్పి భర్త వైపు చూసింది. జోసఫ్ కళ్లజోడు తీసి చొక్కా అంచుతో తుడుచుకుంటున్నాడు. తుడవడానికి దాని మీద మరకేమీ లేదు.

“ఎవరి పేరు మీద?” అని తెలుగులో అడిగింది.

పక్క కుర్చీలో ఉన్న మరిది కాలేబ్ గొంతు తగ్గించి, “తర్వాత మాట్లాడుకుందాం వదినా. ఆవిడ లైన్లో ఉంది” అన్నాడు.

శాంటా క్లారా నుంచి నిన్ననే విమానం దిగి జార్జియాలోని ఈ కమ్మింగ్‌కి వచ్చాడు కాలేబ్. అంతకు రెండ్రోజుల ముందు న్యూజెర్సీలోని ఐసెలిన్ నుంచి కబురు తెలిసింది. అప్పట్నుంచి ఈ ఇంట్లో పొయ్యి వెలుగుతోందన్న మాటే గాని తిన్నవాళ్లు లేరు.

ఐసెలిన్‌లో అంకిత అనే అమ్మాయి ఆస్పత్రి పాలైంది. ఆమెని ఈ ఇంట్లో ఎవరూ ఎరగరు. కడుపు పోయి కుంగిపోతే డాక్టరు మందులు రాసిందట. ఆ తర్వాత కోచ్‌నని చెప్పుకునే ఒకావిడ ఆన్‌లైన్‌లో నడిపే క్లాసులో చేరింది. చేరి, మందులు మానేసింది. మంచం పట్టింది.

ఆ క్లాసు పేరు ‘దోసిలి’.

ఆ మాట వింటే కమ్మింగ్ తెలుగు క్రైస్తవ సంఘంలో ఎవరికైనా నవోమే గుర్తొస్తుంది. కొడుకు కెన్నీ జబ్బు చేసి చనిపోయిన ఏడు, ప్రార్థనకి కూర్చుంటే ఆమెకి నోట మాట వచ్చేది కాదు. ఖాళీ చేతులు దోసిలి పట్టి కూర్చునేది. గుండెలో ఉన్నదానికి ఒక పేరు పెట్టి పైకి చెప్పడం, అది దోసిట్లోకి వచ్చిందనుకుని ఊరికే పట్టుకుని ఉండడం, చాలనిపించినప్పుడు వేళ్లు విప్పడం. అంతకు మించి అందులో ఏమీ లేదు. స్త్రీల కూటంలో ఒకరిద్దరికి చెప్పింది. వాళ్లు మరో నలుగురికి చెప్పారు. చూస్తూ చూస్తూ ఉండగా అది ఊళ్లు దాటింది. కాలేబ్ దాన్ని యాప్‌గా చేశాడు.

“నాకర్థం కాక అడుగుతున్నాను” అంది కూతురు ఫెబీ ఇంగ్లీషులో, లాప్‌టాప్ తన వైపు తిప్పుకుంటూ. ఈ ఏడే కాలేజీలో చేరింది, శనివారమని ఇంటికొచ్చింది. “అది మామూలు మాట. మా అమ్మమ్మ నీళ్లు తాగేటప్పుడు వాడే మాట. దాన్ని ఒకరు సొంతం చేసుకోవడమేంటి?”

లాయరుకి అలవాటైన ప్రశ్నేనేమో, ఓపిగ్గానే చెప్పింది. ఆ పద్ధతి ఎవరి సొత్తూ కాదు. చేతులు అలా పట్టుకుని కూర్చోవద్దని ఏ కోర్టూ ఎవరితోనూ అనదు. సొంతం కాగలిగింది పేరొక్కటే. అదీ ఆ పేరుతో క్లాసులూ, యాపూ నడపడం వరకే.

“ట్రేడ్‌మార్క్ ఆఫీసు కూడా ఈ మాటకి అర్థమేంటని అడిగింది. రెండు అరచేతులు కలిపి గిన్నెలా పట్టడం అని రాసిచ్చాం. మనసు బాధకీ, ఆ అర్థానికీ నేరుగా సంబంధం లేదు కాబట్టి వాళ్లు పట్టుబట్టలేదు. ఎవరికైనా అభ్యంతరం ఉంటే చెప్పమని ప్రకటించారు. ఆ గడువు ఇంకా నడుస్తోంది.”

బాధకీ దోసిలికీ సంబంధం లేదట. నవోమికి నవ్వొచ్చింది.

“ఆ న్యూజెర్సీ ఆవిడని ఆపాలంటే ఏం చెయ్యాలి?” అని అడిగింది.

“పేరు వాడొద్దని నోటీసివ్వాలి. ఇవ్వాలంటే ముందు ఆ పేరు మాదేనని మీరు చెప్పాలి. అలా చెప్తే, ఆ పేరుతో ఎవరేం నేర్పుతున్నారో మీరు కనిపెట్టుకుని ఉన్నారా అని అవతలి లాయరు అడుగుతాడు.”

“మాది కాదంటే?”

“అప్పుడు ఆవిడని ఆపడానికి మీరెవరు? థెరపిస్టునని బోర్డు పెట్టుకుంటే లైసెన్సేదని రాష్ట్రం అడుగుతుంది. కోచ్‌నంటే అడిగే దిక్కు లేదు. మందులు మానమని ఆవిడే చెప్పినట్టు రుజువైతే, అది ఆవిడకీ ఆ కుటుంబానికీ మధ్య వ్యవహారం. ఈలోగా ఆ కుటుంబంతో మీరెవరూ మాట్లాడకండి. మాదన్నా, మాది కాదన్నా, సారీ అన్నా, ఏదైనా రేపు మీ మీదికే తిరుగుతుంది.”

తెర చీకటైంది. నలుగురూ ఆ నల్లటి తెరనే చూస్తూ కూర్చున్నారు.

“ఇప్పుడు చెప్పండి” అంది నవోమి. “మీ పేరెందుకుంది?”

జోసఫ్ కళ్లజోడు పెట్టుకున్నాడు. జవాబు కాలేబ్ చెప్పాడు.

“నేను హెచ్-వన్ వీసా మీద ఉన్నాను వదినా. సైడ్ బిజినెస్ నడుపుతున్నానని బయటపడితే స్టేటస్ పోతుంది. జాబ్ పోతుంది. అన్నయ్య సిటిజన్. అందుకని ఆయన పేరు మీద ఫైల్ చేశాం. యాప్ పని అంతా నాదే, ఆయనకేం తెలీదు.”

“నేనూ సిటిజన్నే కదరా. నా పేరు పెట్టొచ్చుగా?”

కాలేబ్ అన్న వైపు చూశాడు. అన్న బల్ల వైపు చూశాడు.

“నిన్ను ఇబ్బంది పెట్టడం దేనికని” అన్నాడు జోసఫ్ చివరికి.

“డాడీ, అది ట్రూ కాదు” అంది ఫెబీ. “అమ్మ నో అంటది అని.”

“నువ్వు లోపలికెళ్లు ఫెబీ.”

“ఎందుకు? నేను బేబీ కాదు. కెన్నీ నా బ్రదర్ కూడా. దోసిలి మీద బిజినెస్ చేస్తే నన్ను కూడా అడగాలి.”

కెన్నీ పేరు ఈ ఇంట్లో ఎవరూ కోపంలో ఎత్తరు.

కాలేబ్ లేచి వంటింటి గట్టు దాకా వెళ్లి మళ్లీ వచ్చాడు. “వదినా, నామీద కోపం ఉంటే తిట్టు, పడతాను. కానీ ఒక్కటాలోచించు. ఈ పేరు మనది కాకపోతే రేపు ఇలాంటివాళ్లు ఊరికొకరు పుట్టుకొస్తారు. ఒకరు మందులు మానమంటారు. ఇంకొకరు దయ్యాన్ని వదిలిస్తామంటారు. అందరూ చెప్పేది దోసిలే. కెన్నీ కోసం నువ్వు పట్టిన దోసిలి! దాన్ని అలా గాలికొదిలేస్తావా?”

వాడన్న మాటలో తప్పు పట్టడానికి నవోమికి చోటు దొరకలేదు. అదే ఆమె బాధ. దోసిలి అందరిదీ అనుకుంటే ఆ న్యూజెర్సీ ఆవిడదీ అవుతుంది. నాది అనుకుంటే, అంకిత మంచం పట్టడం కూడా నా గుమ్మంలోకే వస్తుంది.

పైగా కాలేబ్‌ని గట్టిగా ఒక మాట అనడానికి ఆమెకి నోరు రాదు. కెన్నీ ఆస్పత్రిలో ఉన్నన్నాళ్లూ తన మంచి ఉద్యోగానికి సెలవు పెట్టి వచ్చి, ఈ ఇంటి సోఫా మీద పడుకుని, ఫెబీకి జడ వెయ్యడం నేర్చుకుని మరీ బడికి పంపినవాడు. కెన్నీ శవపెట్టె మోసిన నలుగురిలో ఒకడు. అలాంటివాణ్ణి నువ్వు మోసగాడివి అనాలంటే ముందు ఆ రోజులన్నీ మరిచిపోవాలి.

ఆమె లేచి వంటింట్లోకి నడిచింది. కాసేపటికి జోసఫ్ వెనకాలే వచ్చాడు. తలుపు లేని వంటిల్లు అది. ఇద్దరూ గొంతులు తగ్గించుకున్నారు.

“నన్ను అడగాలనిపించలేదా మీకు?”

“అడిగితే వద్దంటావు.”

“అంటాను.”

“అందుకే అడగలేదు.”

నవోమి కుళాయి తిప్పింది. కడగడానికి గిన్నెలేమీ లేవు. నీళ్లు ఊరికే పారాయి. జోసఫ్ చెయ్యి చాచి కుళాయి కట్టేశాడు.

“వాడు నాకు మాయమాటలు చెప్పి సంతకం పెట్టించుకోలేదు నవోమీ. నేనే పెట్టాను.” అతను ఫ్రిజ్ వైపు తిరిగి, అక్కడేదో వెతుకుతున్నట్టు నిలబడ్డాడు. “కెన్నీ పోయాక నువ్వు నాతో మాట్లాడలేదు. సంఘంలో ఆడవాళ్లందరితో మాట్లాడావు. ముక్కూ మొహం తెలియనివాళ్లు ఫోన్ చేస్తే గంటలు గంటలు మాట్లాడావు. నేను పక్క గదిలో కూర్చుని వినేవాణ్ణి. నాకెప్పుడూ దోసిలి పట్టమని చెప్పలేదు నువ్వు.”

“మీరు అడగలేదు.”

“అవును, నేనూ అడగలేదు. కాలేబ్ వచ్చి, అన్నయ్యా నీ పేరు మీద పెడదాం అన్నాడు. నాకూ అందులో కాస్త చోటుంటుందనిపించింది. అంతే.”

నవోమి అతని వీపు వైపు చూస్తూ నిలబడింది. కోపం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. పెట్టుకోబోయిన చోటల్లా ఇంకేదో ఉంది. ఏదో ఒకటి అనాలని నోరు తెరిచేసరికి అవతలి గదిలో ఆమె ఫోన్ మోగింది.

“మామ్!” ఫెబీ కేక. “న్యూజెర్సీ నంబర్!”

నవోమి వచ్చేసరికి ఫోన్ బల్ల మీద కదిలిపోతూ మోగుతోంది. కాలేబ్ దాని మీద అరచెయ్యి అడ్డం పెట్టాడు.

“ఎత్తొద్దు వదినా. లాయర్ ఇప్పుడేగా చెప్పింది. వాయిస్ మెయిల్‌కి పోనీ.”

“చెయ్యి తియ్యి.”

“వదినా, ప్లీజ్. రికార్డ్ చేస్తుంటారు.”

“చెయ్యి తియ్యరా కాలేబ్.”

ఆమె అంత మెల్లగా, అంత గట్టిగా మాట్లాడడం వాళ్లెప్పుడూ ఎరగరు. కాలేబ్ చెయ్యి తీశాడు. ఆమె ఫోనెత్తి, నలుగురికీ వినపడేలా స్పీకర్ పెట్టింది.

“మేడమ్, నా పేరు దివాకర్. అంకిత హజ్బెండ్‌ని. మీ చర్చ్‌ల తెలిసినోళ్లు నంబర్ ఇచ్చిన్రు. కొట్లాడనీకి చేయలేదు మేడమ్, కట్ చేయకండి.”

“చెయ్యను బాబూ. చెప్పండి.”

“నిన్న ఇంటికి తీసుకొచ్చిన. మందులు మళ్ల స్టార్ట్ చేయాలన్నది డాక్టర్. ఇది ముట్టుకుంటలేదు. నేను చెప్పిన, ఇండియా నుంచి మా అత్తమ్మ చెప్పింది, ఎవరి మాటా వింటలేదు. నవోమి అక్క చెప్తేనే ఏసుకుంట అంటుంది. ఒక్కసారి మాట్లాడుతరా? ఫోన్ దానికిస్తున్న.”

కాలేబ్ రెండు చేతులూ జోడించి తల అడ్డంగా ఊపుతున్నాడు. జోసఫ్ వంటింటి గట్టు దగ్గరే నిలబడిపోయాడు.

ఫోన్లో సన్నటి గొంతు వచ్చింది.

“అక్కా.”

“చెప్పమ్మా.”

“దోసిలి మీదేనా? క్లాస్‌ల ఆమె మీ పేరే చెప్పింది. ఇప్పుడు ఆయనేమో, వాళ్లకీ వీళ్లకీ సంబంధం ఉన్నదో లేదో ఎవరికి తెలుసంటున్నడు. నిజంగ మీదేనా?”

నవోమికి లాయరు ముఖం కళ్ల ముందు మెదిలింది. ఏమన్నా మీ మీదికే తిరుగుతుంది. ఆవిడ చెప్పిందాంట్లో ఒక్క అక్షరం కూడా అబద్ధం లేదు. కానీ అవతల ఒక పిల్ల మందు గోలీ ముందు పెట్టుకుని అడుగుతోంది.

“నాదే” అంది నవోమి.

కాలేబ్ కుర్చీలో కూలబడ్డాడు.

“నాదేనమ్మా. కాబట్టి నా మాట విను. దోసిలి మందుకి బదులు కాదు. ఎప్పుడూ కాదు. ముందు డాక్టరిచ్చిన గోలీ వేసుకో. ఆ తర్వాత మనిద్దరం ఫోన్లో కూర్చుని నీకెంతసేపు కావాలంటే అంతసేపు దోసిలి పట్టుకుందాం.”

ఆ అమ్మాయి ఒప్పుకుందేమో అనుకుంది నవోమి.

“మరి మీరు మానేసిన్రు కదా?” అంది అంకిత.

“ఎవరు చెప్పారు?”

“మీరే. వీడియోల. మందుల సీసా చెత్తల పారేసిన, దోసిలి పట్టిన అని మీ నోటితోనే చెప్పిన్రు. నేను రోజూ చూసిన అక్కా. ఏడుపొచ్చినప్పుడల్లా అదే పెట్టుకుని చూసిన. మీరు మానితే నేనెందుకు మానొద్దు అనుకున్న.”

నవోమి కుర్చీ వీపు పట్టుకుంది. ఫెబీ అప్పటికే తన ఫోన్లో వెతికేసింది. సన్నగా సంగీతం, దాని మీద నవోమి గొంతు. రెండేళ్ల కిందట సంఘంలో నిలబడి, కెన్నీ పోయాక తను పడ్డ బాధ, వేసుకున్న మందుల గురించి ఆమె చెప్పిన సాక్ష్యం అది. నీలం చీర, చేతిలో మైకు. “మందుల సీసా తీసి చెత్తబుట్టలో పారేశాను. నేల మీద కూర్చుని దోసిలి పట్టాను.” తర్వాత తెల్లటి తెర, దాని మీద యాప్ బొమ్మ. అయిపోయింది.

ఆ రోజు సాక్ష్యం అక్కడ అయిపోలేదు. వారం తిరక్కుండా మెట్ల మీద పడిపోయానని చెప్పింది. జోసఫ్ గారు నన్ను చేతుల మీద ఎత్తుకెళ్లారని చెప్పింది. అది నా అవివేకం, దేవుడు డాక్టర్ని కూడా ఇచ్చాడు, మీలో ఎవరూ అలా చెయ్యొద్దని చెప్పింది. మొదటి వరసలో కూర్చుని కాలేబే వీడియో తీశాడు.

“నువ్వు కట్ చేశావా?” అంది నవోమి, ఫోన్ మ్యూట్ చేసి.

కాలేబ్ పెదాలు తడుపుకున్నాడు. “రీల్ అంటే అర నిమిషమే ఉంటుంది వదినా. అంతా పట్టదు. అక్కడ ఆపితే బాగా క్యాచీగా ఉందని… మిగతాది ఫుల్ వెర్షన్ యాప్‌లో పెడదామనుకున్నాను.”

“పెట్టావా?”

అతను తల అడ్డంగా ఊపాడు.

“ఆ న్యూజెర్సీ ఆవిడెవరో నాకు తెలీదన్నావు. పేరు దొంగిలించిందన్నావు. ఆవిడ చూపించింది నీ వీడియో.”

“ఆమె ఎవరో నిజంగా తెలీదు వదినా! దేవుని తోడు.”

“అక్కా, ఉన్నరా?” అంది ఫోన్లోంచి అంకిత.

నవోమి మ్యూట్ తీసి, ఫోన్ని నోటికి దగ్గరగా పట్టుకుంది. “ఉన్నానమ్మా. ఆ వీడియోలో నా మాట సగమే ఉంది. ఆ తర్వాత సగం కోసేశారు. మందులు మానేసి నేను చావు దాకా వెళ్లొచ్చాను. మళ్లీ మొదలుపెట్టాను. ఇప్పటికీ వేసుకుంటున్నాను. ఇవాళ పొద్దున కూడా వేసుకున్నాను.”

ఫెబీ చటుక్కున తలెత్తి తల్లిని చూసింది. ఇంకా వేసుకుంటోందన్న మాట కూతురికి కూడా తెలియదు. ఈ ఇంట్లో జోసఫ్‌కి ఒక్కడికే తెలుసు.

“నిజంగనా?” అంది అంకిత.

“నిజంగా. మా అబ్బాయి మీద ఒట్టు పెట్టుకోవడం నాకిష్టం లేదు. పెట్టుకోమంటే పెట్టుకుంటాను.”

అవతల వెక్కుళ్లు. ఎవరో నడిచిన చప్పుడు. గ్లాసు. కమ్మింగ్‌లో నలుగురు మనుషులు ఒక ఫోన్‌కి చెవులప్పగించి ఎదురుచూశారు. కాలేబ్ కూడా.

“ఏసుకున్నది మేడమ్” అన్నాడు దివాకర్. అతని గొంతు తడిసిపోయి ఉంది. “మీకు పుణ్యముంటది. పండుకోబెట్టి ఇవతలికొచ్చిన.”

“దేవునికి స్తోత్రం” అంది నవోమి. ఆమె చెంపలు తడిగా ఉన్నాయని అప్పుడు తెలిసింది.

“మేడమ్, ఒక్క మాట.” దివాకర్ గొంతు మారింది. వణుకు పోయింది. “కోసేసిన్రు అన్నరు. నేనిన్ని రోజులు ఆ కోచ్‌నే తిట్టుకుంటున్న. మీ మాట సగం కోసి లోకం మీద పెట్టినోడు వేరే ఉన్నడన్న మాట. ఎవరు మేడమ్? నాకు పేరు చెప్పండి. పేరొక్కటి చాలు.”

నవోమి కాలేబ్‌ని చూసింది. అతని ముఖంలో రంగు లేదు. ఆ పేరు ఈ గది దాటితే వాడి ఉద్యోగం, వీసా, ఇన్నేళ్లుగా ఎదురుచూస్తున్న గ్రీన్ కార్డు, ఏదీ మిగలదు.

జోసఫ్ గట్టు దగ్గర్నుంచి కదిలి వచ్చి ఆమె చేతిలో ఫోన్ తీసుకున్నాడు.

“దివాకర్ గారూ, నేను జోసఫ్‌ని. నవోమి భర్తని. దోసిలి అనే పేరు గవర్నమెంట్ రికార్డులో నా పేరు మీద ఉంది. ఏమడగాలన్నా నన్నడగండి.”

“అన్నయ్యా!” అన్నాడు కాలేబ్.

ఆ కేక ఫోన్లో వినపడే ఉంటుంది.

“పేరు ఎవరి మీదున్నదో నేను అడగలేదు సార్” అన్నాడు దివాకర్ నెమ్మదిగా. “చేసినోడెవడని అడిగిన. మీ పక్కనే ఉన్నడా?”

జోసఫ్ కళ్లు మూసుకున్నాడు. కాలేబ్ కుర్చీలోంచి లేచాడు. ఫోన్ వైపు రాబోతున్నాడో, వీధి తలుపు వైపు వెళ్లబోతున్నాడో, చూస్తున్న నవోమికి అర్థం కాలేదు.